తులం బరువు తూటా

(ప్రొద్దుటూరులో ఒక సాయంత్రం మిత్రుల మధ్య చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

పెద్దలకు, స్నేహితులకు నమస్కారం.

నా చేతిలో ఏముందో వెనక కుర్చీల్లో ఉన్నవాళ్లకు కనపడదు, చెప్తాను. ఇది పది గ్రాముల తూనికరాయి. పొద్దున బంగారు అంగళ్ల వీధిలో ఒక స్నేహితుణ్ని అడిగి తెచ్చుకున్నా. అంగడి కట్టేలోపల తిరిగి ఇవ్వాలి. తూటాల గురించి మాట్లాడతానని చెప్పి తూనికరాయి పట్టుకొచ్చినాడేంది అనుకుంటారేమో. తూటా తేలేను. బ్యాగు అడుగున మరిచిపోయిన ఒక్క తూటా ఎయిర్‌పోర్టు స్కానర్‌కు కనపడిందంటే ఆయుధాల చట్టం కింద కేసు, ఆ తర్వాత లాయర్లు, వాయిదాలు. అమెరికాలో ఉన్న మన పిల్లలు ఎవరైనా వేటకు పట్టుకుపోయిన బ్యాగులోనే బట్టలు సర్దుకుని ఇంటికి బయల్దేరుతుంటే, జేబులన్నీ తిరగేసి దులపమని చెప్పండి.

ఇంకొక మాట కూడా ముందే. మన దేశంలో 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద ఇప్పుడు జింక వేట లేదు. లైసెన్సు తుపాకి ఉన్నా లేదు, అది మన చేలోకే వచ్చినా లేదు. కృష్ణజింక మన రాష్ట్ర జంతువు కూడా. దాన్ని చంపితే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు. కాబట్టి నేను చెప్పబోయేదంతా అమెరికా సంగతి, అందులోనూ టెక్సాస్ సంగతి. మరి ప్రొద్దుటూరులో ఎందుకంటే, ఈ హాల్లో కూర్చున్నవాళ్ల పిల్లలు చాలామంది అక్కడ ఉన్నారు. వాళ్లలో కొందరు ఇప్పటికే నాకు ఫోన్ చేసి "అన్నా, ఏ రైఫిల్ కొనాలి?" అని అడిగారు. "ఏ బుల్లెట్ కొనాలి?" అని ఒక్కరూ అడగలేదు. ఆ ప్రశ్న వాళ్ల తరఫున నేనే వేసుకుని జవాబు చెప్తాను.

సీమలో తుపాకుల మీద ప్రసంగం అంటే బయటి ఊర్లవాళ్లు ఒక రకంగా నవ్వుతారు. హైదరాబాదులో ఒకాయన నిన్న నవ్వాడు కూడా. సినిమాలు చేసిన పని అది, వదిలేద్దాం.

మా జేజినాయనకు జమ్మలమడుగు పక్క పల్లెలో మందు తుపాకి ఉండేది. శెనక్కాయ చేనికి పందులు పడకుండా కాపలాకు లైసెన్సు. గొట్టం మూతిలోంచి మందు పోసి, కొబ్బరి పీచు కుక్కి, సీసపు గుండు వేసి, మళ్లీ పీచు కుక్కి, కడ్డీతో దట్టించి, వెనక చిన్న క్యాపు పెట్టేవాడు. సీసం ఇంట్లోనే కరిగించి గుండ్లు పోసుకునేవాడు. పక్కన కూర్చుని చూస్తుంటే ఒకటే మాట చెప్పేవాడు: "ఒరే అబ్బీ, మందు జాస్తి పోస్తే గుండు పందికి తగల్దు, తుపాకి నీ మొగానికి తగుల్తాది."

ఇప్పటి తూటాలో ఉండేవి కూడా దాదాపు అవే. క్యాపు, మందు, గుండు అంటే బుల్లెట్, పీచు బదులు వాటన్నిటినీ పట్టి ఉంచే ఇత్తడి గొట్టం. మా జేజినాయన చేతి కొలతతో చేసినదాన్ని ఫ్యాక్టరీలో మిషన్ చేస్తుంది, అంతే. అయితే ఎంత మందు పోయాలనే బాధ మనకు తప్పింది గానీ, ఏ గుండు ఎంచుకోవాలనే బాధ పదింతలు పెరిగింది. అక్కడ అంగట్లో తూటాల అరల ముందు నిలబడితే చీరల షోరూములో నిలబడినట్టే. అన్నీ బాగుంటాయి, ఏదీ అర్థం కాదు.

పెట్టె మీద కనిపించే అంకెలతో మొదలుపెడదాం. 150 గ్రెయిన్లు, 165, 180 అని రాసి ఉంటుంది. కొత్తవాళ్లు అది లోపలి మందు బరువనుకుంటారు. కాదు, ఎగిరిపోయే బుల్లెట్ బరువు. గ్రెయిన్ అంటే గింజ, ఒకప్పుడు బార్లీ గింజ. మన గురిగింజలో రమారమి సగం. 1833లో తెల్లవాళ్లు తులం అంటే ఇంత అని ఖాయం చేసినప్పుడు పెట్టిన లెక్క 180 గ్రెయిన్లు. వెండి రూపాయి బరువూ అంతే. మీ అవ్వల పెట్టెల్లో విక్టోరియా రాణి బొమ్మ ఉన్న రూపాయి ఎక్కడైనా ఉంటే చేతిలోకి తీసుకుని చూడండి. 180 గ్రెయిన్ల బుల్లెట్ సరిగ్గా అంత బరువుంటుంది. ఇప్పుడు అంగళ్లలో తులం అంటే పది గ్రాములే అంటున్నారు గదా, ఇదిగో ఈ రాయి. ఇది 150 గ్రెయిన్ల బుల్లెట్ కంటే ఒక పిసరు ఎక్కువ. ఆ బుల్లెట్ 9.7 గ్రాములు. అంటే టెక్సాస్‌లో ఏటా లక్షలమంది జింకల వేటకు పోయేది పాత తులమో, కొత్త తులమో జేబులో వేసుకునే. నాకు ఈ సంగతి తట్టిన రోజు చాలా నవ్వొచ్చింది. పదిహేనేళ్లు వేటాడాక తట్టింది.

రెండో అంకె తూటా పేరు. ఇక్కడ తర్కం వెతక్కండి. మన ఇంటిపేర్లలాగే, ఎప్పుడో ఎవరో ఏదో కారణానికి పెట్టినవి. .308 విన్‌చెస్టర్ అంటే బుల్లెట్ మందం అంగుళంలో అంత. సరే, బాగుంది. .30-06 స్ప్రింగ్‌ఫీల్డ్ అంటే? బుల్లెట్ మందం అదే, 06 మాత్రం 1906వ సంవత్సరం. .30-30 విన్‌చెస్టర్‌లో రెండో 30 సంవత్సరమూ కాదు, మందమూ కాదు, మొదట్లో అందులో పోసిన మందు 30 గ్రెయిన్లు. .270 విన్‌చెస్టర్ బుల్లెట్ కొలిస్తే .277 ఉంటుంది. ఇవన్నీ బట్టీ పట్టాల్సిన పనిలేదు. మీ రైఫిల్ గొట్టం మీద ఏ పేరు చెక్కి ఉందో పెట్టె మీదా, తూటా అడుగునా అదే పేరు ఉండాలి. ఒక్క అక్షరం తేడా వచ్చినా పెట్టకూడదు. .300 బ్లాకౌట్ తూటా .223 రైఫిల్‌లో పట్టేసి, పేల్చగానే తుపాకి చీలిపోయిన సంఘటనలు ఉన్నాయి. జేజినాయన మాట ఇక్కడ అక్షరాలా నిజం.

ఇక ఏ తూటా మంచిది? ఈ ఒక్క ప్రశ్న మీద అక్కడ మనుషులు రాత్రంతా వాదించుకుంటారు, మనవాళ్లు హీరోల గురించి వాదించుకున్నట్టు. నా అభిప్రాయం చెప్పేస్తాను: జింక వరకైతే ఆ వాదన అంతా కాలక్షేపం. .30-30 పుట్టింది 1895లో. సెకనుకు 2400 అడుగుల వేగం కూడా అందుకోదు. దాంతో పడిన జింకలు ఇన్నీ అన్నీ కావు. .270 వచ్చింది 1925లో, .308 వచ్చింది 1952లో, .243 వచ్చింది 1955లో. 6.5 క్రీడ్‌మూర్ 2007లో వచ్చి కుర్రాళ్లందరినీ తనవైపు తిప్పుకుంది. మధ్యలో 1980లో వచ్చిన 7ఎంఎం-08 రెమింగ్టన్‌ను ఎవరూ అంతగా పట్టించుకోలేదు, నాకు మాత్రం అదే ఇష్టం. దాని కథ తర్వాత చెప్తాను.

కొలరాడో రాష్ట్రం చట్టంలో ఒక గీత గీసింది. జింకకు వాడే రైఫిల్ .24 కంటే సన్నగా ఉండకూడదు, బుల్లెట్ 70 గ్రెయిన్లకు తగ్గకూడదు, 100 గజాల దగ్గర దెబ్బలో కనీసం వెయ్యి ఫుట్ పౌండ్ల శక్తి ఉండాలి. మామూలు .308 తూటా, 150 గ్రెయిన్లది, గొట్టం దాటేటప్పుడు సుమారు 2800 అడుగుల వేగంతో పోతుంది. 2600 ఫుట్ పౌండ్లకు పైనే. ముసలి .30-30కి కూడా 1900 వస్తాయి. నేను చెప్పినవన్నీ ఆ గీతను సునాయాసంగా దాటేస్తాయి. టెక్సాస్‌లో ఇన్ని లెక్కలు లేవు, కానీ .22 లాంటి రిమ్‌ఫైర్ తూటాతో, అంటే విడిగా క్యాపు లేకుండా అడుగు అంచు మీద కొడితే పేలేదానితో, జింకను కొట్టకూడదు.

మరి తేడా ఎక్కడుంది? భుజంలో. తుపాకి వెనక్కి తన్నుతుంది గదా, ఆ తన్ను .243లో ఉన్నదానికి .30-06లో రెండింతలు. మగతనం చూపించుకుందామని కొత్తవాడు పెద్ద మాగ్నం, అంటే మందు ఎక్కువ పట్టే తూటాల రైఫిల్, కొంటాడు. రెండు తన్నులు తిన్నాక మూడోసారి నుంచి ట్రిగ్గర్ నొక్కేముందే కళ్లు మూసుకుంటాడు. తనకే తెలియదు. దీన్ని పట్టుకోవడానికి ఒక ఉపాయం ఉంది. స్నేహితుడు మనకు తెలియకుండా తూటాల మధ్య ఒక ఉత్తుత్తి తూటా కలిపి పెడతాడు. అది వచ్చినప్పుడు పేలదు, కానీ గొట్టం మూతి టక్కున కిందికి దూకుతుంది. బండారం బయటపడిపోతుంది. నాది అట్లాగే బయటపడింది, పదిమంది ముందర. మా అమ్మాయి వేటకు వస్తానన్నప్పుడు నేను 7ఎంఎం-08 కొన్నది అందుకే. .308 తూటా ఇత్తడి గొట్టాన్నే మెడ దగ్గర సన్నం చేసి 7 మిల్లీమీటర్ల బుల్లెట్ కూర్చారు. 140 గ్రెయిన్లు. తన్ను తక్కువ, జింకకు చాలినంత. మా అమ్మాయి గురి నాకంటే మేలు. తుపాకి అంటే భయం పట్టకముందే నేర్చుకుంది మరి.

ఇప్పుడు అసలు సంగతి. బుల్లెట్.

కలకత్తా పక్కన దమ్‌దమ్ తెలుసు గదా, ఇప్పుడు ఎయిర్‌పోర్టు ఉన్నచోటు. అక్కడ తెల్లవాళ్ల ఆయుధ కర్మాగారం ఉండేది. 1890లలో వాయవ్య సరిహద్దు యుద్ధాల్లో .303 రైఫిల్ గురించి సైనికుల నుంచి ఫిర్యాదులు వచ్చాయి. బుల్లెట్ చుట్టూ పూర్తిగా గట్టి తొడుగు ఉండటంతో అది ఎదుటివాడి ఒంట్లోంచి సూదిలా దూరి అవతలికి పోతోంది, మనిషి మాత్రం ఆగడం లేదు. దమ్‌దమ్‌లో బర్టీ-క్లే అనే కెప్టెన్ ఆ తొడుగును కొన దగ్గర తీసేసి లోపలి సీసాన్ని బయటికి కనపడేటట్టు చేశాడు. మెత్తటి సీసం ఒంటికి తగలగానే విచ్చుకుంటుంది, గాయం పెద్దదవుతుంది. అది ఘోరమని ప్రపంచం గోల పెట్టింది. 1899లో హేగ్‌లో దేశాలు కూర్చుని, మనిషి ఒంట్లో విచ్చుకునే బుల్లెట్లను యుద్ధంలో వాడకూడదని ప్రకటించాయి.

ఇందాక కొలరాడో చట్టం చెప్పాను గదా, అందులో ఇంకొక ముక్క దాచిపెట్టాను. బుల్లెట్ విచ్చుకునేదే అయి ఉండాలి. చాలా రాష్ట్రాల్లో పూర్తి తొడుగున్న మిలిటరీ బుల్లెట్‌తో జింకను కొట్టడం నేరం. యుద్ధంలో ఏది నిషేధమో వేటలో అదే నిబంధన. మొదటిసారి చదివినప్పుడు ఇదేం న్యాయం అనిపించింది. తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. యుద్ధంలో సైనికుడు గాయపడి పడిపోతే చాలు, ఆస్పత్రికి మోసుకుపోతారు. జింకను మోసుకుపోయే ఆస్పత్రి లేదు. ఒకటి, రెండు నిమిషాల్లో పోవాలి, లేకపోతే పొదల్లో రెండు రోజులు నరకం పడాలి.

నాకు ఇది పుస్తకం చదివి తెలియలేదు.

నేను ఉండేది శాన్ ఆంటోనియోలో. దానికి పడమరగా హిల్ కంట్రీ అంటారు, సున్నపురాయి గుట్టలు, ముళ్ల పొదలు, ఎండ. మన లంకమల పక్క తిరిగినట్టే ఉంటుంది, ఒక్క పెన్న లేదు. మొదటి సంవత్సరం ఒక ముసలి రైతు భూమిలో మంచె మీద కూర్చున్నా. నవంబరు. నా దగ్గర కొత్త .308, అందులో 168 గ్రెయిన్ల మ్యాచ్ బుల్లెట్లు. మ్యాచ్ అంటే పోటీలకు కాగితం మీద కొట్టడానికి చేసినవి. అంగట్లో కౌంటరు మీద పిల్లవాడు "దీనంత గురి దేనికీ రాదు" అన్నాడు. నిజమే, గురి సాధన చేసే రేంజిలో ఐదు తూటాలు కొడితే ఐదు బొక్కలనూ ఒక రూపాయి బిళ్లతో కప్పేయొచ్చు. ఆ కాగితం మడిచి పర్సులో పెట్టుకుని తిరిగా, పెళ్లిచూపుల ఫోటోలాగ.

సాయంత్రం ఐదు దాటాక ఒక మగ తెల్లతోక జింక వచ్చింది. 120 గజాలు. పక్కకు తిరిగి నిలబడింది. గుండె నా చెవుల్లో కొట్టుకుంటోంది. పేల్చా. జింక వెనక కాళ్లు ఎగరేసి దూకి, జునిపర్ పొదల్లో కలిసిపోయింది. దిగి పోయి చూస్తే రాతి మీద మూడు చుక్కల రక్తం. ముదురు ఎరుపు. పది గజాల అవతల ఇంకొక చుక్క. ఆ తర్వాత ఏమీ లేదు. చీకటి పడేదాకా మోకాళ్ల మీద పాకుతూ వెతికా. ముసలాయన లాంతరు పట్టుకుని వచ్చాడు, నాతో పాటు రాత్రి పదింటిదాకా వెతికాడు. ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

మూడో రోజు ఆయనే ఫోన్ చేశాడు. గుట్ట అవతల రాబందులు తిరుగుతున్నాయి, పోయి చూడు అని. పోయా. వాసన చెప్పనక్కర్లేదు. రాబందులు ఒక పక్కంతా తినేశాయి, రెండో పక్క చర్మం మిగిలి ఉంది. బుల్లెట్ బయటికి వచ్చిన బొక్క ఆ పక్కన ఉంది. నా చిటికెన వేలు కూడా దూరదు. దబ్బనంతో గోనెసంచికి గుచ్చినట్టుంది. లోపలికి ఎంత సన్నగా పోయిందో, అంత సన్నగానే బయటికి వచ్చేసింది. ఎక్కడా విచ్చుకోలేదు. తగలాల్సిన చోటుకంటే నాలుగంగుళాలు వెనక్కి కూడా తగిలింది. తప్పు సగం నాది, సగం తూటాది అని చాలా రోజులు సర్దిచెప్పుకున్నా. ఆ తూటా కొన్నది కూడా నేనే గదా. మ్యాచ్ బుల్లెట్లను వేటకు వాడొద్దని చేసేవాళ్లే చెప్తారు. నేను పెట్టె వెనక వైపు చదవలేదు.

అందుకని ఇప్పుడు పెట్టె వెనక వైపు చదవడం నేర్పిస్తా.

అన్నిటికంటే చవకది, పాతది సాఫ్ట్ పాయింట్. రాగి తొడుగు, కొన దగ్గర సీసం బయటికి. జింకకు తగిలాక కొన పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. 7.8 మిల్లీమీటర్ల మందమున్నది లోపల 14, 15 మిల్లీమీటర్లు అవుతుంది. .30-30లోనో .308లోనో మామూలు దూరంలో దీన్ని మించినది అక్కర్లేదు. చవక గదా అని చిన్నచూపు చూడకండి. .30-30లో ఇంకొక విశేషం ఉంది. దాని తూటాలు గొట్టం కింద వరసగా ఒకదాని వెనక ఒకటి పడుకుంటాయి, వెనకదాని మూతి ముందుదాని క్యాపుకు ఆనుకుని. కొన వాడిగా ఉంటే తన్నుకు క్యాపు పేలిపోయే ప్రమాదం. అందుకే వాటి మూతి మొద్దుగా, బల్లపరుపుగా ఉంటుంది.

సాఫ్ట్ పాయింట్‌కు ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, వేగం మరీ ఎక్కువై, దగ్గర్లోనే పెద్ద ఎముకకు తగిలితే, విచ్చుకోవడం కాదు, పగిలి ముక్కలైపోతుంది. 1946లో జాన్ నోస్లర్ అనే ఆయన కెనడాలో మూస్ అనే భారీ దుప్పిని వేటాడుతుంటే ఇదే జరిగింది. దాని భుజం మీద బురద ఎండి అట్టకట్టి ఉంది. బుల్లెట్లు పైపైనే చిట్లిపోయాయి. ఆయన ఇంటికి వచ్చి బుల్లెట్ లోపల మధ్యలో ఒక అడ్డుగోడ పెట్టాడు. ముందు గది సీసం విచ్చుకుంటుంది, వెనక గది సీసం గోడ చాటున భద్రంగా ఉండి లోతుకు తోసుకుపోతుంది. పార్టిషన్ అని 1948లో అమ్మడం మొదలుపెట్టాడు, ఇప్పటికీ దొరుకుతుంది. మన ఇళ్లల్లో వడ్ల గాదెకు మధ్యన అడ్డం పెట్టినట్టు, అంత సులువైన ఆలోచన. సీసాన్ని తొడుగుకు కరిగించి అతికించేస్తే అది బాండెడ్. కొనమీద రంగు ప్లాస్టిక్ ముక్క ఉంటే గాలిని బాగా చీల్చుకుపోతుంది, తగిలినప్పుడు ఆ ముక్కే మేకులా వెనక్కి దిగి విచ్చుకునేలా చేస్తుంది. అన్నిటికీ ఒక వేగపు గీత ఉంటుంది. చాలా బుల్లెట్లు సెకనుకు 1800 అడుగులకు తగ్గితే సరిగ్గా విచ్చుకోవు. 400 గజాల నుంచి కొట్టానని గొప్పలు చెప్పేవాడు ఆ దూరంలో తన బుల్లెట్ వేగం ఎంతో చెప్పగలగాలి. నేను 150 గజాలు దాటి ఎప్పుడూ కొట్టలేదు. ఈ గొప్పల విషయంలో నేను కాస్త కటువుగానే ఉంటాను, ఏమీ అనుకోవద్దు.

చివరిది పూర్తి రాగి బుల్లెట్. సీసం అసలు ఉండదు. బార్న్స్ వాళ్లు 1989లో తెచ్చారు. కొనలో చిన్న గుంట, తగలగానే నాలుగు రేకులుగా విచ్చుకుంటుంది, ముక్కలు రాలవు. మా ఇంట్లో ఇప్పుడు ఇదే. దీనికి కారణం నేను కాదు, మా ఆవిడ. 2008లో నార్త్ డకోటాలో పేదలకు దానం ఇచ్చిన జింక మాంసాన్ని ఎక్స్‌రే తీస్తే అందులో కంటికి కనపడని సీసపు రవ్వలు బయటపడ్డాయి. దెబ్బ చుట్టూ రెండంగుళాలు కోసి పారేస్తే చాలనుకునేవాళ్లం, అవి అంతకంటే చాలా దూరం పోతాయి. అది చదివి మా ఆవిడ ఫ్రిజ్ తలుపు మూసి అడిగింది: "పిల్లలకు సీసం పెడుతున్నామా ఇన్నాళ్లూ?" నా దగ్గర జవాబు లేదు. ఆ వారమే రాగికి మారిపోయాం. కాలిఫోర్నియాలో అయితే 2019 జులై నుంచి ఏ వేటకైనా సీసం తూటా నిషేధం. అక్కడ కండోర్ అనే పెద్ద రాబందులు వేటగాళ్లు వదిలేసిన పేగులు తిని, అందులోని సీసంతో చచ్చిపోతుండేవి. నా మొదటి జింకను తిన్న రాబందులు అప్పుడప్పుడు గుర్తొస్తాయి. ఆ బుల్లెట్ విరగలేదు గనక వాటికి ఏమీ అయి ఉండదని అనుకుంటా.

ఇప్పుడు మా ఇంట్లో ఆదివారం కంచంలో రాగి సంగటి, దుప్పి కూర, ఆ దుప్పిని కొట్టింది రాగి బుల్లెట్. (నవ్వులు)

దుప్పి అన్నాను గదా, నిజంగా మన చుక్కల దుప్పే. 1930ల ప్రాంతంలో మన ఇండియా జాతి జంతువులు టెక్సాస్‌లో రాంచ్‌లనే పెద్ద పశువుల కమతాల్లో చేరాయి. చుక్కల దుప్పి, కృష్ణజింక, ఇంకా కింద దక్షిణాన మనుబోతు, అదే నీల్‌గాయ్. కంచెలు దాటి అడవిన పడి పెరిగిపోయాయి. అక్కడి చట్టానికి అవి విదేశీ పశువులు. తెల్లతోక జింకకు సీజన్ ఉంది, చుక్కల దుప్పికి సీజనే లేదు, లైసెన్సు, భూమి యజమాని అనుమతి ఉంటే ఏడాదంతా వేటాడొచ్చు. మొదటిసారి మంచె మీదనుంచి చుక్కల దుప్పిని చూసినప్పుడు తుపాకి ఎత్తలేకపోయా. మన నల్లమలలో పుట్టాల్సింది ఇక్కడేం చేస్తోంది అనిపించింది. మూడో సంవత్సరానికి అలవాటైపోయింది. మనిషి గదా. మాంసం రుచిలో దాన్ని మించింది లేదని అక్కడివాళ్లే అంటారు. మగది 70, 80 కిలోలు. 7ఎంఎం-08 చాలు. మనుబోతుకు మాత్రం చాలదు. అది చర్మం మందం, ఎముక మొద్దు, ప్రాణం గట్టి. దానికి .300 మాగ్నం లాంటిదీ, బాండెడో రాగిదో అయిన బుల్లెట్టూ పెట్టుకుపోతారు.

ఎక్కడ కొట్టాలో ఒక నిమిషంలో చెప్పేస్తా. జింక పక్కకు తిరిగి ఉన్నప్పుడు ముంగాలు వెనక అంచు పట్టుకుని పైకి పోండి, ఒంటి ఎత్తులో కింది మూడో వంతు దగ్గర ఆగండి. గుండె, ఊపిరితిత్తులు అక్కడే. చిన్న పళ్లెమంత చోటు, ఎనిమిది అంగుళాలు. తల మీద గురి పెట్టొద్దు, తల కదులుతూనే ఉంటుంది, దవడ ఎగిరిపోయిన జింక ఆకలితో చస్తుంది. పేల్చాక వెంటపడొద్దు. అరగంట కూర్చోండి. రక్తం గులాబీ రంగులో నురగలు కడుతుంటే ఊపిరితిత్తులు, వంద గజాల లోపల పడి ఉంటుంది. ముదురుగా ఉంటే కాలేయం, ఇంకా ఆగాలి. పచ్చగా, పేడ వాసన వస్తే పొట్ట. ఆరు గంటలు ఆగాలి, లేకపోతే తరిమిన కొద్దీ పారిపోతుంది. నేను ఆ రోజు రెండు నిమిషాలు కూడా ఆగలేదు. ఆ మాట ఇందాక చెప్పలేదు.

ప్రశ్నలు ఉంటే అడగండి.

అన్నా, .315 గురించా? మన దగ్గర లైసెన్సుకు దొరికే రైఫిళ్లలో అదొకటి గదా. అది నిజానికి పాత ఆస్ట్రియా సైన్యపు 8ఎంఎం మాన్లిచర్ తూటా. .303 సైన్యానిది గనక మామూలు జనం చేతికి పోకూడదని తెల్లవాళ్లు ఇక్కడ కట్టడి చేస్తే, దాని బదులు ఇది వచ్చింది. నిదానంగా పోయే బరువైన గుండు. అమెరికా అయితే దగ్గరి దూరంలో జింకకు బాగానే పనికొస్తుంది. ఇక్కడ బీరువాలోనే ఉండనీయండి.

వెనక పెద్దాయన అడిగింది వినపడింది. జింకలు శెనగ చేను తొక్కుతుంటే చూస్తూ ఊరుకోవాలా అని. ఊరుకోవద్దు. ఫొటోలు తీసి అటవీ శాఖలో నష్టపరిహారానికి అర్జీ పెట్టండి, కాళ్లరిగేలా తిరగాల్సి వస్తే తిరగండి. ఒక్కటి మాత్రం చేయొద్దు నాయనా. చేను చుట్టూ కరెంటు తీగ లాగొద్దు. పందికి పెట్టిన తీగకు రాత్రి నీళ్లు కట్టడానికి పోయిన పక్క చేని మనిషి బలవుతున్నాడు. అది పేపర్లో చదివినప్పుడల్లా ఒళ్లు మండుతుంది.

మీ అల్లుడు డల్లాస్‌లో 6.5 క్రీడ్‌మూర్ కొన్నాడా? చాలదని ఎవరన్నారు? 140 గ్రెయిన్ల బుల్లెట్ 2700 అడుగుల వేగం, సన్నగా పొడుగ్గా ఉండి లోతుకు దిగుతుంది. చాలు, మిగుల్తుంది కూడా. అబ్బాయికి ఇట్లా చెప్పండి. మూడు రకాల వేట తూటాలు, ఒక్కో పెట్టె కొనమనండి. పెట్టెకు ఇరవై ఉంటాయి, ముప్పై డాలర్ల నుంచి అరవై, డెబ్బై దాకా. ప్రతి గొట్టానికీ ఒక రుచి ఉంటుంది, ఒక కంపెనీది మింగుతుంది, ఇంకొకటి ఉమ్మేస్తుంది. 100 గజాల దగ్గర మూడేసి కొట్టి చూసి, ఏది దగ్గర దగ్గరగా పడితే దాన్ని ఒకే లాట్ నంబరుతో, అంటే ఒకే విడతలో తయారైనవి, నాలుగైదు పెట్టెలు తీసుకోమనండి. మళ్లీ మార్చొద్దు. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు టెక్సాస్‌లో హంటర్ ఎడ్యుకేషన్ సర్టిఫికెట్ తప్పనిసరి, అది ముందు చేయమనండి. ఇంకా సందేహం ఉంటే నాకు ఫోన్ చేయమనండి, కానీ పెట్టె వెనక వైపు ఫొటో తీసి పంపించాకే.

ఎనిమిదిన్నర అయినట్టుంది. తూనికరాయి ఇచ్చి రావాలి, అంగడి కట్టేస్తారు.